పరిశోధకుని కొలువు: ఒక ధర్మవిచారము

శాస్త్రములలోను ఇంజనీరింగులోను పెద్ద పట్టములు పొందిన మన పిల్లలు కొంతకాలముగా ఒక విచిత్రమైన కొలువులో చేరుచున్నారు. అది చదువా యన్న చదువు కాదు. డాక్టరేటు చేతికి వచ్చిన పిమ్మటగాని ఆ కొలువు దొరకదు. ఉద్యోగమా యన్న, ఉద్యోగమునకు మన పెద్దలు చెప్పుకొను లక్షణములలో జీతము తప్ప మరి యేదియు దానికి లేదు. రెండేండ్లకు ఒప్పందము, దయదలచినచో మరియొక యేడు, పిదప పెట్టె సర్దుకొని వేరొక ఊరు, వేరొక దేశము. దీనిని పోస్ట్‌డాక్టొరల్ పరిశోధన యందురు. పిల్లలు కురచగా పోస్ట్‌డాక్ అందురు. తెలుగున దీనికి పేరు లేదు. పేరు లేని దానిని ఇరుగుపొరుగువారికి విప్పి చెప్పుట కష్టము గనుక, మన యిండ్లలో తల్లిదండ్రులు "ఇంకా చదువుకుంటోందండీ" అనియో, "అమెరికాలో సైంటిస్టండీ" అనియో చెప్పి ఊరుకొందురు. ఈ రెండును పూర్తిగా నిజములు కావు. పూర్తిగా అబద్ధములును కావు.

నేను శాస్త్రము చదివినవాడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే విరమించినవాడను. అయినను టెంపరరీ, పర్మినెంటు అను రెండు మాటలకు గల అంతరము నావంటివానికి తెలిసినంతగా ఏ శాస్త్రజ్ఞునకును తెలియదని ధైర్యముగా చెప్పగలను. ఆ అర్హతతోనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ప్రశ్న యిది: జ్ఞానమును వెదకువానికి సంఘము నిలకడయైన బ్రతుకును సమకూర్చవలసి యున్నదా? లేక అనిశ్చయమును భరించుటయే ఆ వెదకులాటకు చెల్లింపవలసిన వెలయా? చెల్లింపవలసినదే యైనచో, ఆ వెల ఎవరు చెల్లించుచున్నారు?

ముందుగా ఈ కొలువు నడచు తీరు తెలియవలెను. మన దేశమున ఎం.ఎస్సీ. గాని తత్సమానమైన చదువు గాని ముగించి జాతీయ పరీక్షలో నెగ్గిన విద్యార్థి జూనియర్ రిసెర్చి ఫెలో యగును. ఆ ఫెలోకు నెలకు ఇచ్చు మొత్తము 2014లో 25,000 రూపాయలు, 2019లో 31,000, 2023 జనవరి నుండి 37,000. రెండేండ్ల పిమ్మట సీనియరై 42,000 పొందును. ఈ పెంపులు వాటంతటవి వచ్చినవి కావు. 2019 నాటి పెంపు కొరకు పరిశోధక విద్యార్థులు ఢిల్లీ వీధులలో నిలిచి అడుగవలసి వచ్చెను. డాక్టరేటు ముగియుసరికి ఇరువదియెనిమిదో, ముప్పదియో నిండును. అప్పుడు రిసెర్చి అసోసియేటు అను కొలువు దొరకవచ్చును. దానికి 2023 నుండి మూడు మెట్లు: 58,000, 61,000, 67,000.

ఇచ్చట నా గుమాస్తా బుద్ధి ఊరకుండదు. విశ్వవిద్యాలయమున క్రొత్తగా చేరు అసిస్టెంటు ప్రొఫెసరునకు ఏడవ వేతన సంఘము లెక్కలో మూలవేతనము 57,700 రూపాయలు. పైకి చూచినచో అసోసియేటునకే మూడువందలు అధికము. కాని ఆ 57,700 పునాది మాత్రమే. దానిపై కరువు భత్యము, ఏటేట పెంపు, పింఛనునకు జమ, సెలవులు అను అంతస్తులు లేచును. ఈ 58,000కు ఇంటి అద్దె భత్యము కలదు గాని కరువు భత్యము లేదు, పింఛను లేదు, ఒప్పందము ముగిసిన మరుసటి నెల ఏమియు లేదు. పే స్లిప్పు చదువ నేర్చినవాడు మొదటి అంకెను చూడడు. క్రింది గళ్ళను చూచును.

జాతీయ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్పు అను మరియొకటి కలదు. అది రెండేండ్లకు, చేరువానికి 35 ఏండ్లు దాటరాదు, స్త్రీలకును, షెడ్యూల్డు, వెనుకబడిన వర్గములవారికిని అయిదేండ్ల సడలింపు కలదు. ఇన్‌స్పయర్ ఫాకల్టీ ఫెలోషిప్పు అయిదేండ్లు. నెలకు 1,25,000 రూపాయలు. మంచి జీతమే. అయినను అయిదేండ్లు నిండిన నాడు ఆ మనిషిని ఉంచుకొనవలెనను నిర్బంధము ఏ సంస్థకును లేదు. యూరపులో మేరీ క్యూరీ పేర ఇచ్చు ఫెలోషిప్పు ఒకటి రెండేండ్లు, పట్టము పొందిన ఎనిమిదేండ్లలోపలివారికి. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థలవారు మొదటి యేటి పోస్ట్‌డాక్‌నకు 2024లో నిర్ణయించిన వార్షిక వేతనము 61,008 డాలర్లు. దానిని రూపాయలలోనికి మార్చి చూచినచో మన యిండ్లలో కండ్లు తిరుగును. బోస్టనులో ఇంటి అద్దె చెల్లించి చూచినచో వేరొక విధముగా తిరుగును.

ఈ కొలువు మొదట ఇట్టిదిగా పుట్టలేదు. 1876లో బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయము తెరచినప్పుడే ప్రతిభావంతులకు ఫెలోషిప్పులు ఏర్పరచిరి. 1919లో రాక్‌ఫెల్లరు ధనముతో అమెరికా జాతీయ పరిశోధన మండలి, భౌతిక రసాయన శాస్త్రములలో డాక్టరేటు పొందిన కొద్దిమందికి ఫెలోషిప్పులు నెలకొల్పెను. బోధన భారము లేక కొంతకాలము పరిశోధనయే చేసి, పిదప విశ్వవిద్యాలయములలో స్థిరపడుదురని వారి తలంపు. అది గౌరవము. నేడు అది గౌరవమునుండి రేవులో పడవకొరకు నిలిచియుండుటగా మారినది.

కారణము చిన్న లెక్కలో ఉన్నది. ఒక ప్రొఫెసరు తన ముప్పదియేండ్ల ఉద్యోగకాలమున పదిమందికో ఇరువదిమందికో డాక్టరేటు ఇప్పించును. ఆయన విరమించిన నాడు ఖాళీయగు కుర్చీ ఒక్కటి. మిగిలినవారికి క్రొత్త కుర్చీలు వేయుటకు ధనమిచ్చువారు ఇష్టపడరు. అట్లని వారి పని అక్కరలేదనియు అనరు. ఏలయన ప్రయోగశాలలో రాత్రింబవళ్ళు పనిచేయునవి ఆ చేతులే. జనాభా లెక్కలకు తాత్కాలికముగా మనుష్యులను తీసికొందురు. లెక్క ముగియును, కొలువు ముగియును. అందు అన్యాయము లేదు. కాని పని శాశ్వతమైయుండి పనివాడు మాత్రమే తాత్కాలికుడైనచోట, నిలకడ లేకుండుట పని స్వభావమువలన వచ్చినది కాదు. ఖర్చు మిగుల్చుకొనుటకై ఒకరు మరియొకరిపై మోపినది. ధర్మవిచారమునకు ఇచ్చటనే మొదలు.

యానాములో నేను కాపురముండు ఊరి పేరు అగ్రహారము. ఈ పేరు పలుకునప్పుడెల్ల పూర్వులు ఇదే ప్రశ్నకు చెప్పిన సమాధానము నాకు స్ఫురించును. రాజులు విద్వాంసులకు పన్ను లేని భూమి నిచ్చి, తిండికి వెదకులాడకుండ చదువుకొనుమనిరి. మన గోదావరి సీమలోనే తార్కాణము కలదు. రాజరాజనరేంద్రుడు సుమారు 1053లో నందంపూడి గ్రామమును నారాయణభట్టునకు అగ్రహారముగా నిచ్చెను. భారతరచనలో నన్నయకు తోడ్పడిన విద్వాంసుడాయన. అట్టి దానములకు శాసనముల భాషలో ఒక మాట వాడుదురు: ఆచంద్రతారార్కము. సూర్యచంద్రులును నక్షత్రములును ఉన్నంతవరకు! రెండేండ్ల ఒప్పంద పత్రము చేతబట్టుకొన్న నేటి పరిశోధకుడు ఈ మాట వినినచో నవ్వునో ఏడ్చునో చెప్పజాలను.

అయినను ఆ పాత ఏర్పాటును నేను పొగడబోవుట లేదు. అందొక మంచి యున్నది: విద్వాంసుడు ఏటేట దరఖాస్తు పెట్టుకొనలేదు, పదేండ్లు పట్టు గ్రంథమును పదేండ్లు వ్రాయగలిగెను. చెడుగు అంతకంటె పెద్దది. భూమి పాండిత్యమునకు ఇచ్చినదైనను, కొడుకునకు దక్కునది పుట్టుకవలన. వానికి చదువు వచ్చినను రాకున్నను ఒకటే. ఆ భూమిని దున్నినవాని పిల్లలకు ఆ చదువు గడప దాటనిచ్చినదే కాదు. దున్నినవానికిని నిలకడ యుండెను. నిలకడగా బీదవాడై యుండెను. నేటి పరీక్షలలో కులము, గోత్రము అడిగి మార్కులు వేయరు. దరియాలతిప్పలో వలలల్లు ఇంటి బిడ్డ పరీక్ష నెగ్గి జర్మనీ ప్రయోగశాలలో నిలువవచ్చును. ఈ లాభము సామాన్యమైనది కాదు. దీనిని వదలుకొని ఆచంద్రతారార్కమును తెచ్చుకొనుమని ఏ బుద్ధిమంతుడును అనడు. కాని నేనడుగునది వేరు: తలుపు అందరికిని తెరచినంతమాత్రమున లోపలి నేలను త్రవ్వివేయవలెనా? అగ్రహారము నిలకడ నిచ్చి అవకాశమును కొందరికే పరిమితము చేసినది. ఫెలోషిప్పు అవకాశమిచ్చి నిలకడను తీసివైచినది. ఒకటి కావలెనన్న మరియొకటి వదలుకొనవలెనని ప్రకృతి శాసనమేదియు లేదు.

ఈ విషయమున మన తెలుగువారిలో మరువరాని చరిత్ర యల్లాప్రగడ సుబ్బారావుగారిది. 1895లో భీమవరమున జన్మించి, మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గట్టెక్కిరి. (ఈ సంగతి చదివినప్పుడు నావంటి మెట్రిక్యులేటునకు కలుగు సంతోషము పెద్ద చదువులవారికి అర్థము కాదు.) మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు అధ్యాపకుని కోపమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. కొంతకాలము మదరాసులోని ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పిరి. మామగారు కూర్చిన ధనముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ చేయుదుమన్న సహాయముతోను 1922 అక్టోబరులో బోస్టను చేరిరి. ఆ ధర్మసంస్థకు మూలధనము బర్మాలో కష్టించి ఆర్జించిన సొమ్ము. మా యానామునకు చేరువ రేవునుండి ఓడలెక్కి రంగూను పోయిన తరముల చెమట అందున్నది. ఇట్టి సొమ్ము ఒక పరిశోధకుని నిలువబెట్టుటకు తోడ్పడినదని తలచుకొన్నచో నాకు గర్వముగా నుండును.

బోస్టనులో ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసి పొట్టపోసికొనుచు హార్వర్డులో చదివిరి. 1925లో ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, శరీర ద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ ఇద్దరి పేర్లతో ఆ పద్ధతి నేటికిని జీవరసాయన గ్రంథములలో నున్నది. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో జీవకణమునకు శక్తి నిచ్చు ఏ.టి.పి.ని గుర్తించుటలో ఆయన చేయి కలదు. 1930లో పి.హెచ్‌.డి. వచ్చెను. ఇంత చేసినను అక్కడ ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. డాక్టరేటు పొందిన పిమ్మట పదేండ్లు క్రింది మెట్టుననే గడచెను. 1940లో విశ్వవిద్యాలయమును విడిచి లెడర్లే అను మందుల కంపెనీలో చేరిరి.

చేరిన పిమ్మట ఎనిమిదేండ్లలో జరిగినది చూడుడు. ఆయన నడపిన పరిశోధకబృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ అను విరేచనవ్యాధికి సోదరుల నిద్దరిని కోల్పోయినవాడు ఆ వ్యాధికి పనికివచ్చు మందును లోకమునకిచ్చెను. ఫోలిక్ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు మందులు అదే బృందము సిద్ధము చేయగా, డాక్టరు ఫార్బరు వానిని రక్తపు క్యాన్సరుతో బాధపడు పిల్లలకు వాడి, 1948లో ఫలితములు ప్రకటించెను. ఆ వంశపుదే నేటి మెథోట్రెక్సేటు. 1947లో బోదకాలునకు హెట్రజాను మందు వచ్చెను. గోదావరి మండలములలో ఇంటింటికి తిరిగి ఆరోగ్యకార్యకర్తలు మ్రింగించిన డి.ఇ.సి. మాత్రలు ఇవియే. ఆ మాత్ర మ్రింగిన మనవారిలో, దాని వెనుక భీమవరపు బిడ్డ యొకడున్నాడని ఎందరికి తెలియును? 1948 ఆగస్టులో, 53వ యేట, అమెరికా పౌరుడు కాకయే ఆయన మరణించిరి. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో ఒక బిళ్ళ వేసినది.

ఈ కథను మనము సభలలో గర్వముతో చెప్పుకొందుము. నేను చెప్పదలచినది సభలలో సాధారణముగా చెప్పని భాగము. 1919లో ఆయనకు శేషగిరి అను ఆమెతో వివాహమైనది. ఆయన ఓడ నెక్కిన పిమ్మట ఇక్కడ కుమారుడు పుట్టెను. కొన్ని నెలలకే ఆ బిడ్డ పోయెను. భర్త తిరిగి రాలేదు. ఆమె భర్తను మరల చూడలేదు. సుబ్బారావుగారు అనిశ్చయమును తాము కోరి తలకెత్తుకొనిరి. అందు వారికి విద్యానందమనెడి ప్రతిఫలముండెను. ఆమె కోరలేదు. ప్రయోగశాలలో కలుగు ఆనందములో ఆమెకు వాటా లేదు. వెల ఎవరు చెల్లించిరని మొదట నేనడిగిన ప్రశ్నకు ఇచ్చట ఒక జవాబున్నది. అది మనస్సునకు హాయి నిచ్చునది కాదు. ఆయన పోకున్నచో ఎన్ని లక్షలమంది రోగులకు ఆ మందు ఆలస్యమయ్యెడిదో గదా యని వాదింపవచ్చును. నిజమే. లక్షలమంది మేలునకై ఒకరు నలిగిపోవచ్చునని ఆ ఒక్కరే చెప్పినచో అది త్యాగము. లాభపడిన మనము చెప్పినచో దానికి ఆ పేరు తగదు.

మన పెద్దలకు ఇట్టి సందర్భమున వెంటనే నోటికి వచ్చునది నిష్కామకర్మ. ఫలమునాశింపక పని చేయవలెను, పరిశోధన తపస్సువంటిది, తపస్వికి ప్రావిడెంటు ఫండు ఏల యని ఒక ఉపన్యాసములో విన్నాను. ఉపన్యాసకునకు ప్రావిడెంటు ఫండు ఉన్నట్లు నాకు తెలియును. ఫలాపేక్ష మానుట తనకు తాను విధించుకొనవలసిన నియమము. యజమాని సేవకునకు విధింపదగినది కాదు. ఉపవాసము పుణ్యమే. కాని వంటవాడు విస్తరి వేయక "ఈ దినము మీకు ఏకాదశి" అనినచో అది మన పుణ్యము కాదు, వాని మోసము. ప్రయోగము ఫలించునో లేదో యను అనిశ్చయము శాస్త్రమునకు సహజము. దానిని భరించుటలో గొప్పతనము కలదు. వచ్చు సంవత్సరము అద్దె కట్టగలనో లేదో యను అనిశ్చయము శాస్త్రమునకు సంబంధించినది కానే కాదు. ఈ రెంటిని ఒకే మూటలో కట్టి తపస్సని పేరు పెట్టుట తగదు.

ఎదుటి వాదమును కూడ న్యాయముగా వినవలెను. పర్మినెంటు చేసినచో మనిషి సోమరి యగునందురు. ముప్పదియేండ్లు పైగా కచేరీలో కూర్చున్నవాడను గనుక ఈ మాటను కాదనలేను. కన్ఫర్మేషను ఉత్తర్వు అందిన వారమునుండియే కలము బరువెక్కిన మహానుభావులను చూచితిని. ఒకేచోట పాతుకొనిపోయినవాడు క్రొత్త ఆలోచనలు మానుననుటయు, నాలుగు ప్రయోగశాలల గాలి పీల్చినవాడు విశాలుడగుననుటయు వాస్తవములే. రెండు మూడేండ్లు ఇట్టి సంచారము చేయుట మంచిదని నేనును ఒప్పుకొందును. కాని సోమరులకు మందు పర్యవేక్షణ. అందరిని గాలిలో నిలువబెట్టుట కాదు. నిలకడ దొరికినవాడు ఏమి చేయగలడో కలయంపూడి రాధాకృష్ణరావుగారిని చూచి తెలిసికొనవచ్చును. 1920లో హడగలిలో పుట్టి, వాల్తేరులో గణితము చదివి, ఉద్యోగము వెదకుచు కలకత్తా చేరిన ఆయన, 1941లో మహలనోబిస్‌గారి గణాంక సంస్థలో ప్రవేశించిరి. నాలుగు దశాబ్దములపాటు ఆ సంస్థయే ఆయన ఇల్లు. 1945లో ప్రకటించిన ఒక వ్యాసమునకు 2023లో, ఆయన 102వ యేట, అంతర్జాతీయ గణాంక బహుమానము వచ్చెను. ఆ యేటి ఆగస్టులోనే పరమపదించిరి. ఒక ఆలోచన పూర్తి విలువను గుర్తించుటకు 78 సంవత్సరములు పట్టినచోట, రెండేండ్లకొకసారి తూకము వేయు త్రాసు ఏపాటిది?

కష్టపడినవాడు కడకు గెలుచుననియు కొందరందురు. హంగరీనుండి 1985లో అమెరికాకు పోస్ట్‌డాక్‌గా వచ్చిన కాటలిన్ కారికో 1995లో విశ్వవిద్యాలయమున క్రింది పదవికి దింపబడి, ఆ పనినే పట్టుకొని, 2023లో నోబెలు బహుమానము పొందెను గదా యందురు. మంచిదే. డగ్లస్ ప్రాషరు అను ఆయన సంగతియు చెప్పుకొందము. జెల్లీచేపలో ఆకుపచ్చగా వెలుగు ప్రోటీనుకు సంబంధించిన జన్యువును 1992లో వేరుచేసి ప్రకటించినది ఆయన. ధనసహాయము నిలిచిపోగా ఆ జన్యువును ఇతర పరిశోధకులకు పంచి యిచ్చెను. ఆ ప్రోటీను పనికి 2008లో ముగ్గురికి నోబెలు వచ్చిన నాడు, ఆయన అలబామా రాష్ట్రమున ఒక మోటారుకార్ల దుకాణమువారి వ్యాను తోలుచుండెను. కారికో కథ చెప్పువారు ప్రాషరు కథను కూడ చెప్పినచో, వినువారికి నిర్ణయించుకొనుటకు వీలుండును. గెలిచినవారి కథలు మాత్రమే చెప్పి పిల్లలను పంపుట, లాటరీలో గెలిచినవాని ఫొటో చూపి టిక్కెట్లమ్ముట వంటిది.

మా అక్కగారి అమ్మాయి పదార్థవిజ్ఞానమున డాక్టరేటు పొంది జర్మనీలో రెండవ ఒప్పందములో ఉన్నది. వయస్సు 32. సంక్రాంతికి వచ్చినప్పుడు అందరియెదుట నేనే అడిగితిని.

"ఇంకా ఎన్నాళ్ళమ్మా ఈ చదువు?"

"చదువు కాదు మావయ్యా, ఉద్యోగమే. పన్ను కూడా కడుతున్నాను."

"అయితే పర్మినెంటు ఎప్పుడు చేస్తారు?"

"మీ ఆఫీసులో ఖాళీ ఉంటే చెప్పండి" అన్నది. అందరును నవ్విరి. మా అక్కయ్య నవ్వలేదు.

ఆ రాత్రి వీధి అరుగుమీద కూర్చున్నప్పుడు ఆ పిల్ల మరియొక మాట చెప్పెను. "ప్రయోగం ఫలించలేదన్న బాధ నాకు అలవాటే మావయ్యా. ఒప్పందం అయిపోయేలోగా ఫలించదేమోనన్న భయమే అలవాటు కావడం లేదు. ఆ భయంతో ఈమధ్య చిన్న ప్రశ్నలే ఎంచుకుంటున్నాను. రెండేళ్ళలో తేలిపోయేవి."

జీతము, పెండ్లి, వీసా అని మనము పెట్టు లెక్కలలో ఈ నష్టము ఏ గడిలోను చేరదు. పెద్ద ప్రశ్నలు వేయుటకని పెంచిన బుద్ధిని చిన్న ప్రశ్నలకు అలవాటు చేసి, ఆ ఏర్పాటునకు పోటీ అని పేరు పెట్టినాము. ఆ దేశమున 2007 నాటి చట్టము ప్రకారము డాక్టరేటు పిమ్మట సాధారణముగా ఆరేండ్లకు మించి ఇట్టి ఒప్పందములు సాగరాదు. పనివారిని ఎల్లకాలము టెంపరరీగా వాడుకొనరాదని పెట్టిన హద్దు అది. కాని హద్దు చేరినవారిని నిలుపుకొనుటకు బదులు సంస్థలు పంపివేయుచున్నవని 2021లో అక్కడి పరిశోధకులు "నేను హన్నాను" అను నినాదముతో పెద్ద అలజడి చేసిరి. మంచి చట్టము కూడ కుర్చీలు పెంచక హద్దులు మాత్రము పెట్టినచో ఇట్లే యగును.

ఆడపిల్లల విషయము వేరుగా చెప్పవలెను. డాక్టరేటు పిమ్మటి ఈ ఆరేడేండ్లు సరిగా వివాహమునకును బిడ్డలకును తగిన కాలమున పడినవి. మగపిల్లవానిని "ఎప్పుడు స్థిరపడతావు" అని అడుగు నోరే ఆడపిల్లను "ఎప్పుడు మానేస్తావు" అని అడుగును. వయఃపరిమితిలో అయిదేండ్ల సడలింపు మేలే. కాని సడలింపువలన నిరీక్షణ మరి అయిదేండ్లు పొడవగునే గాని నేల గట్టిపడదు.

నా మేనకోడలికి నేను ఉండుమనియు చెప్పలేదు, మానుమనియు చెప్పలేదు. ఆ నిర్ణయము ఆమెది. విశ్వవిద్యాలయమును విడిచి కంపెనీలో చేరినచో ఓడిపోయినట్లని మాత్రము తలపవద్దనియు, సుబ్బారావుగారి మందులన్నియు విడిచిన పిమ్మట వచ్చినవే యనియు చెప్పితిని. ఆమె విని, "ఆయనకి అక్కడ పెద్ద ప్రశ్నలు వేసుకోనిచ్చారు మావయ్యా" అన్నది. దానికి నాయొద్ద జవాబు లేదు.

సంస్థలు చేయదగినవి కొన్ని నాబోటివానికే తోచుచున్నవి. విద్యార్థిని చేర్చుకొనుటకు ముందే, తమయొద్ద పట్టము పొందినవారు నేడెక్కడెక్కడ నున్నారో ప్రతి విభాగమును నోటీసు బోర్డుమీద వ్రాసి పెట్టవలెను. ఎంతమంది ప్రొఫెసర్లయిరి, ఎంతమంది కంపెనీలకు పోయిరి, ఎంతమంది ఇంకను ఒప్పందములలో నున్నారు అను మూడు గళ్ళు చాలును. ప్రొఫెసరు పదవికి దిగువను, తాత్కాలికమునకు పైనను, ప్రయోగశాలను నడపు శాశ్వతశాస్త్రజ్ఞుల పదవులు పెంచవలెను. కచేరీలలో ఆఫీసరునకును దినకూలికిని నడుమ గుమాస్తా యనువాడుండుటచేతనే గదా ఫైలు కదలునది! ఫెలోషిప్పు సొమ్ము నెల నెల సరిగా చేరవలెనన్నది వేరుగా చెప్పవలసినంత గొప్ప కోరిక కాదు. అయినను మన దేశమున చెప్పవలసియే యున్నది.

మనవారికి దేశాంతరపు కొలువులు క్రొత్త కావు. కోరంగి రేవునుండి పోయినవారిని బర్మాలో ఆ రేవు పేరనే పిలిచెడివారు. యానామునుండి ఫ్రెంచివారి కొలువులో సైగానుదాక పోయినవారు కలరు. వెళ్ళినచోట స్థానము ఎప్పుడు కదలునో తెలియకుండుట మన కుటుంబములకు తాతలనాటి అనుభవము. నేటి పిల్లలకు ఆ కదలిక వీసా కాగితములలో వచ్చును. అమెరికాలో జె-1 వీసాపై పనిచేసినవారిలో కొందరు రెండేండ్లు స్వదేశమున గడిపినగాని అక్కడ స్థిరపడు వీసా పొందజాలరు. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించెను. ఒక పోస్ట్‌డాక్ సంవత్సర వేతనము కంటె అది ఎక్కువ.

ఇంతటి పెద్ద ఏర్పాటును మన చిన్న సంఘము మార్చజాలదు. చేయదగిన చిన్న పని యొకటి కలదు. ఒక ఒప్పందము ముగిసి మరియొకటి మొదలగు నడుమ మూడు నెలలో ఆరు నెలలో జీతము లేని కాలము వచ్చును. కొందరు మంచి స్థానము దొరకుదాక ఓపిక పట్టలేక దొరికిన పనిలో దూరిపోవుట ఆ నెలలలోనే. మన సంఘమువారు పదవ తరగతి, ఇంటరు పిల్లలకు ఏటేట బహుమతులిచ్చుచున్నారు. మంచిదే, ఆ వయస్సున పిల్లలకు పళ్ళెమో గడియారమో చాలును. దానితోపాటు, పరిశోధనలో నున్న మన పిల్లలకు ఆ నడిమి నెలలలో వడ్డీ లేని అప్పుగా ఇచ్చి, కొలువు దొరకిన పిమ్మట వాయిదాలలో తీసికొను నిధి యొకటి ఏర్పరచవచ్చును. ఆడపిల్లయా మగపిల్లవాడా, ఏ శాస్త్రము, ఏ కులము అని విచారింపక, ఒప్పంద పత్రము ముగిసిన తేదీ మాత్రము చూచి ఇయ్యవలెను. లెక్కలు వ్రాయు పని నేను ఉచితముగా చేయుదును. క్రొత్త పింఛను విధానము 2004 జనవరి 1న వచ్చుటకు పూర్వమే కొలువున చేరినవాడను గనుక, పాత పద్ధతి పింఛను నాకు నెల నెల వచ్చుచున్నది. అందులోనుండి మొదటి చందా నాది. వచ్చు సర్వసభ్య సమావేశమున ఎవరైనను ఈ తీర్మానమును ప్రతిపాదించినచో బలపరచుటకు సిద్ధముగా నున్నాను.